అధిక రక్తపోటు: ఏక ఔషధ, సంయుక్త ఔషధ చికిత్సలు

బీపీకి ఒకే మందు వాడితే ఏక ఔషధ చికిత్స. వేర్వేరు తరగతుల మందులు రెండుమూడు కలిపి వాడితే సంయుక్త చికిత్స. రెండోది ఈమధ్య వచ్చిన పోకడేమీ కాదు. తీవ్రమైన బీపీని తగ్గిస్తే ముప్పు తప్పుతుందని గట్టిగా చూపిన 1967 నాటి అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరీక్షలో 143 మంది పురుషులు పాల్గొన్నారు. మందు తీసుకున్న జట్టుకు ఇచ్చినవి మూడు: హైడ్రోక్లోరోథయాజైడ్, హైడ్రలజిన్, సర్పగంధి వేరులో దొరికే రిసర్పిన్. ఒక మందుతో మొదలుపెట్టి, మోతాదు పెంచి, అప్పటికీ లొంగకపోతే ఇంకోటి చేర్చే మెట్ల పద్ధతి ఆ తర్వాతే స్థిరపడింది.

మోతాదు పెంచడంలో లాభం తక్కువ. 42 పరీక్షల ఫలితాలను క్రోడీకరించి 2009లో వాల్డ్ బృందం తేల్చిందేమిటంటే, ఉన్న మందును రెట్టింపు చేయడం కన్నా మరో తరగతి మందు చేర్చితే వచ్చే అదనపు తగ్గుదల దాదాపు 5 రెట్లు. రక్తనాళాల బిగువు, మూత్రపిండాలు పట్టి ఉంచే ఉప్పు, రెనిన్-యాంజియోటెన్సిన్ వ్యవస్థ కలిసి బీపీని నిలబెడతాయి. ఒక దారి మూస్తే శరీరం మరో దారి వెతుక్కుంటుంది. థయాజైడ్‌తో ఉప్పు బయటికి పోగానే రెనిన్ పెరుగుతుంది; టెల్మిసార్టాన్ వంటి సార్టాన్ తరగతి మందు దాని ప్రభావానికి అడ్డుపడుతుంది. థయాజైడ్ తగ్గించే పొటాషియాన్ని కూడా అదే కొంత నిలుపుతుంది. రక్తనాళాలను సడలించే అమ్లోడిపిన్‌తో వచ్చే పాదాల వాపు సార్టాన్ తోడైతే తగ్గుతుంది.

అయితే ఏవో రెండు కలిపేస్తే సరిపోదు. రామిప్రిల్, టెల్మిసార్టాన్ రెండూ రెనిన్-యాంజియోటెన్సిన్ వ్యవస్థ మీదే పనిచేసేవి. వాటిని జతచేసిన ఆన్‌టార్గెట్ పరీక్షలో (2008) అదనపు మేలు కనబడలేదు, మూత్రపిండాల ఇబ్బందులు మాత్రం పెరిగాయి. భారతదేశంలో జరిగిన టాప్‌స్పిన్ పరీక్ష (2024) వేర్వేరు తరగతులకు చెందిన అమ్లోడిపిన్, పెరిండోప్రిల్, ఇండపమైడ్‌లను రెండేసిగా జతపరచి చూసింది. మూడు జంటలూ బీపీని ఇంచుమించు సమానంగానే తగ్గించాయి.

2018 ఐరోపా మార్గదర్శకాలు ఎక్కువమందికి మొదటి రోజు నుంచే రెండు మందులున్న ఒకే మాత్ర మేలన్నాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అటే మొగ్గింది. తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మాత్రం మెట్ల పద్ధతినే పాటించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సరఫరాకూ సిబ్బందికీ అదే సులువు కాబట్టి, దాన్ని వెనకబాటు అనలేం.

బీపీ 140 కాస్త దాటి, గుండెజబ్బు ముప్పు తక్కువగా ఉన్నవారికి, బాగా వయసు మళ్లి నీరసించినవారికి, లేచి నిలబడితే కళ్లు తిరిగేవారికి ఒక మందుతో మొదలుపెట్టడమే క్షేమం. కలిపిన మాత్రతో మందు మానేసేవారు తగ్గుతారు. చిక్కల్లా దుష్ఫలితం కనిపించినప్పుడే: కారణం ఏ మందో తేల్చాలన్నా, ఒక్కదాని మోతాదే మార్చాలన్నా మళ్లీ విడి మాత్రలకు వెళ్లాల్సిందే.