పనిముట్ల మీద పన్ను: మొహతర్ఫా కథ

దత్తమండలాల పాత రెవెన్యూ లెక్కలలో ‘మొహతర్ఫా’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఇంగ్లీషు దొరల వ్రాతలో అది ‘మోటుర్ఫా’ అయింది. మూలం మాత్రం అరబ్బీ. ‘హిర్ఫా’ అంటే చేతివృత్తి. ‘ముహ్తరిఫ్’ అంటే ఆ వృత్తితో పొట్టపోసుకొనేవాడు. భూమి శిస్తుతో నిమిత్తం లేకుండా సాలెవాని మగ్గం మీద, వడ్రంగి, కమ్మరుల పనిముట్ల మీద, చిల్లర అంగళ్ల మీద వేసిన పన్నుకు ఈ పేరు స్థిరపడింది.

మదనపల్లె ప్రాంతం గుర్రంకొండ కోట కింద హైదరలీ, టిప్పు సుల్తానుల ఏలుబడిలో ఉండి, 1799లో నిజాం వశమై, 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమైంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు అది కడప జిల్లాలోనే ఉండేది. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పం కంగుంది జమీందారీలోని ఊరు. 1800 నుండి 1807 వరకు దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో పేరు వినగానే రైత్వారీ పద్ధతి గుర్తుకు వస్తుంది. చరిత్రకారుల దృష్టి కూడా ఎక్కువగా రైతు మీదే నిలిచింది. సెంటు భూమి లేని వృత్తిపనివాని లెక్క ఆ చర్చలో మరుగునపడింది.

ఈ పన్ను బరువు తెలియాలంటే నేత ఇంటిలోకి చూడాలి. భర్త మగ్గం గుంటలో కూర్చుంటాడు, భార్య ఆసు పోస్తుంది, పిల్లలు కండెలు చుడతారు. ఇల్లే కార్ఖానా. అందులో కూలి ఎంత, లాభం ఎంత అని విడదీసి చెప్పడం ఆ ఇంటివారికే సాధ్యం కాదు. మగ్గానికి ఇంత అని కట్టిన పన్నుకు ఆ అవసరమూ లేదు. గుడ్డ అమ్ముడుపోయిందా, నూలు ధర పెరిగిందా, ఇంట్లో జబ్బు వచ్చి నెల పొడవునా మగ్గం మూలపడిందా అని అది అడగదు. మగ్గం ఉన్నదా లేదా అన్నదే దాని ప్రశ్న.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. ఈ పన్నుకు పేరిచ్చిన ‘ముహ్తరిఫ్’ అనే మాటే హనఫీ ఫిఖహ్‌లోని సుప్రసిద్ధ గ్రంథం ‘హిదాయా’లో, జకాత్ ప్రకరణంలో కనిపిస్తుంది. కాని అక్కడ దాని సందర్భం పూర్తిగా వేరు. 12వ శతాబ్దికి చెందిన ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మలై), నివసించే ఇల్లు, కట్టుకొనే బట్టలు, ఇంటి సామాను మీద జకాత్ లేదని చెప్పి, పండితుని పుస్తకాలను, ముహ్తరిఫ్‌ల పనిముట్లను కూడా ఆ జాబితాలోనే చేర్చారు. అవి ప్రాథమిక అవసరాలలో చిక్కుకొన్న వస్తువులు, పెరిగే సంపద కావు అన్నది కారణం. ఆ లెక్కన సాలెవాని మగ్గమూ, దూదేకులవాని విల్లూ జకాత్‌కు అతీతం. తర్వాతి ధర్మవేత్తలు మరింత సూక్ష్మంగా పోయారు. చాకలి కొన్న సబ్బు బట్టలో మిగలదు కనుక దాని మీద జకాత్ లేదు. అద్దకంవాడు కొన్న రంగు బట్టకు అంటి అతని ప్రతిఫలంలో చేరుతుంది కనుక అది వ్యాపార సరుకే. అయినా మొదట ఆ మనిషికి నిసాబ్ ఉండాలి, అప్పులు పోను మిగలాలి, ఏడాది గడవాలి. అప్పుడే నలభైవ వంతు.

జకాత్ ఆరాధన, ప్రభుత్వ పన్ను కాదు. రెంటినీ ఒకే తక్కెడలో తూచరాదు. కాని ఎవరి సొత్తు దగ్గర చేయి ఆపాలి అన్న ప్రశ్న రెంటిలోనూ ఉంది. కంపెనీవారికి ఈ గ్రంథం తెలియనిది కాదు. వారన్ హేస్టింగ్స్ పూనికతో చార్లెస్ హామిల్టన్ చేసిన ‘హిదాయా’ ఇంగ్లీషు అనువాదం 1791లో, అంటే దత్తమండలాలు చేతికి రావడానికి తొమ్మిదేళ్ల ముందే అచ్చయింది. అది మొదలయ్యేదే జకాత్ ప్రకరణంతో! అయితే అది న్యాయస్థానాల కోసం చేయించిన పుస్తకం. రెవెన్యూ కచేరీకి దానితో పని పడలేదు.

అలాగని నేరమంతా కంపెనీ నెత్తిన రుద్దితే చరిత్రకు అన్యాయం చేసినట్లే. మొహతర్ఫా కంపెనీ కల్పన కాదు. ముస్లిం ప్రభువుల కచేరీల నుండే ఆ పేరూ, ఆ వసూలూ వారికి సంక్రమించాయి. ఔరంగజేబు ఇటువంటి చిల్లర పన్నులను అనేకం రద్దుచేసినా, అధికారుల వసూళ్లు ఆగలేదని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వ్రాశాడు. ధర్మవేత్తల తీర్పు ఒక దారిన, ఖజానా అవసరం మరొక దారిన నడిచాయి.

1852లో గాజుల లక్ష్మీనరసు చెట్టి నాయకత్వాన మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు విన్నపం పంపింది. భూమి శిస్తు, ఉప్పు పన్నులతో పాటు మొహతర్ఫాను కూడా అందులో ఎండగట్టారు. రోడ్డు పక్క కూర్చొని అమ్ముకొనేవారు కూడా తప్పించుకోలేరనీ, తరచుగా పనిముట్టు ఖరీదుకు ఆరు రెట్లు పన్ను పడుతున్నదనీ వారి ఫిర్యాదు. 1855లో మద్రాసు హింసల విచారణ సంఘం నివేదిక వెలువడింది. పన్ను రాబట్టడానికి కింది ఉద్యోగులు పెట్టే హింసలలో మనిషిని ఎండలో నిలబెట్టడం ఒకటని అందులో నమోదైంది. అంతకు వెయ్యేళ్లకు పైగా పూర్వమే ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) ‘కితాబుల్ ఖరాజ్’లో ఖలీఫా హారూన్ రషీద్‌కు, జిజియా వసూలులో ఎవరినీ కొట్టరాదనీ, ఎండలో నిలబెట్టరాదనీ హితవు చెప్పి ఉన్నారు. వద్దని చెప్పవలసి వచ్చిందంటే ఆ కాలంలోనూ ఆ పని జరుగుతూనే ఉండి ఉండాలి.

ఆ శతాబ్దపు ఉత్తరార్ధంలో మొహతర్ఫా రద్దయింది. దాని స్థానంలోకి వచ్చినవి ఆదాయాన్ని చూసే పన్నులు. 1886 ఆదాయపు పన్ను చట్టం 500 రూపాయల లోపు ఆదాయాన్ని వదిలిపెట్టింది. అయితే వ్యవసాయాదాయాన్ని పూర్తిగా మినహాయించింది. జమీందారు గట్టున పడ్డాడు, అంగడివాడు పన్ను కింద మిగిలాడు.

చిత్తూరు జిల్లాకు ఇంకొక ప్రత్యేకత ఉంది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. ముస్లిములు హర్షించదగిన చర్యే. కాని అబ్కారీ రాబడి పడిపోయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి 1939లో మద్రాసు జనరల్ సేల్సు టాక్సు చట్టం వచ్చింది. ఏడాదికి 10,000 రూపాయల లోపు అమ్మకాలున్నవారికి పన్ను లేదు. 20,000 వరకు నెలకు 5 రూపాయలు. ఆపైన నూటికి అర్ధ రూపాయి. అది లాభం మీద కాదు, మొత్తం అమ్మకం మీద. చేనేత గుడ్డ మాత్రమే అమ్మే వ్యాపారికి మినహాయింపు ఇచ్చారు. ఒకప్పుడు మగ్గాన్ని లెక్కపెట్టిన రాజధానిలోనే ఈ మినహాయింపు రావడం చిన్న విషయం కాదు. యుద్ధకాలంలో గవర్నరు పాలన మద్యనిషేధాన్ని ఎత్తివేసింది. దాని కోసం పుట్టిన పన్నును మాత్రం ఎత్తివేయలేదు.

2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చింది. సరుకుల వ్యాపారంలో చిన్నవారిని వదిలే పరిమితి మొదట 20 లక్షలు. 2019లో 40 లక్షలకు పెంచే వీలు కల్పించారు. పట్టుచీరల నేతకు పేరుపడిన మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఒకటి రెండు మగ్గాల కుటుంబం ఈ పరిమితికి చాలా దిగువనే ఉంటుంది, రిజిస్టరు కానవసరం లేదు. కాని సొంతంగా పట్టునూలు కొన్నప్పుడు 5 శాతం పన్ను బిల్లులోనే చేరి వస్తుంది. రిజిస్టరైన వ్యాపారి ఆ సొమ్మును తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొంటాడు. రిజిస్టరు కాని నేతగానికి ఆ వీలు లేదు. ఫిఖహ్ లెక్కలో నూలు కూడా అద్దకంవాని రంగు వంటిదే, వ్యాపార సరుకే. అయితే అక్కడ మొదట అడిగేది నిసాబ్ ఉన్నదా అని.