మెట్ట సీమలో నీటి మృగం

ఏనుగు తొండం, మొసలి దవడ, చేప ఒళ్లు, వెనకాల తీగలు తీగలుగా విచ్చుకునే తోక. ఇన్నీ ఒక్క ఒంటికి అమరిన జంతువు మకరం. అది ఏ నదిలోనూ ఈదలేదు, ఏ వేటగాడి వలకూ చిక్కలేదు. అయినా రెండు వేల ఏళ్లకు పైగా ఈ దేశపు శిల్పులు దాన్ని చెక్కుతూనే ఉన్నారు. గంగకు వాహనం అదే, వరుణుడికి వాహనం అదే. మన్మథుడి జెండా మీద ఉన్నదీ అదే, అందుకే ఆయన మకరధ్వజుడు. పోతన గజేంద్రమోక్షం విన్న చెవులకు మకరి అంటే మొసలే. గుడిలోని మకరానికి మాత్రం మొసలి ఒక పాలు, మిగతా పాళ్లన్నీ ఊహ.

ఈ ఊహాజీవి నడిచి వచ్చిన దారిని నల్లగొండ, పాలమూరు సీమల్లో వెతికితే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇది మెట్ట నేల. కృష్ణ పక్కనే పారుతున్నా లోయలో లోతుగా పారుతుంది, పైనున్న ఊళ్లు చెరువును, బావిని, తర్వాత బోరును నమ్ముకుని బతికాయి. నీళ్లు లేక పాలమూరు జనం వలస పోతే ‘పాలమూరు లేబర్’ అన్న మాటే పుట్టింది. అలాంటి చోట, గుడి కట్టిన ప్రతి కాలంలోనూ నీటి మృగం కనిపిస్తుంది. మకరం ఇక్కడ పుట్టలేదు, ఉత్తరాది నుంచి వచ్చింది. కానీ దానికి సరైన పని ఇక్కడే దొరికిందని నా నమ్మకం.

క్రీస్తుపూర్వమే భర్హుత్ స్తూపం రాళ్ల మీద మకరం ఉంది. కృష్ణా లోయకు అది బౌద్ధంతో పాటు వచ్చింది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో దాని నోటి నుంచి పూలతీగలు, దండలు బయటికి వస్తుంటాయి. నోరు తెరిచిన మృగం మింగడానికి తెరిచిందని ఎవరైనా అనుకుంటారు. ఈ మృగం నోరు తెరిచేది ఇవ్వడానికి. శిల్పులు మొదటి నుంచీ దానికి ఇచ్చిన గుణం అదే. సూర్యాపేటకు ఉత్తరాన పాముపడగ లాంటి కొండ మీద ఫణిగిరి బౌద్ధారామం ఉంది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి శాసనం దొరికిన చోటు అది. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి ప్రదర్శనలో నిలిచాయి. సొంత జిల్లాలో మాత్రం ఫణిగిరి చూడని బడిపిల్లలే ఎక్కువ. ఇది బాధ కలిగించే సంగతి.

నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం సింహళ విహారం ఉండేది. శిల్పాలు, శిల్పులు, భిక్షువులు ఓడలెక్కి తిరిగిన కాలం అది. శ్రీలంక గుళ్లలో బుద్ధుడి మీద వంపు తిరిగే మకర తోరణం, జావాలోని బోరోబుదూర్‌లో వాన నీటిని బయటికి వదిలే మకర ముఖాలు, నేపాల్ తలుపుల మీది మకరాలు అన్నీ ఒకే వంశం. ఒక్క కృష్ణా లోయ నుంచే అవి అటు పోయాయని అనలేం. ఆ వంశవృక్షంలో మన లోయ ఒక పెద్ద కొమ్మ అనడం మాత్రం తప్పు కాదు.

అన్నిటికన్నా ఎక్కువ సేపు ఆగవలసిన చోటు అలంపురం. తుంగభద్ర ఒడ్డున, అది కృష్ణలో కలిసే చోటికి దగ్గర్లో, బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో నవబ్రహ్మ ఆలయాలు కట్టారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని తొమ్మిది పేర్లు. బ్రహ్మ పేరున్నా లోపల ఉన్నవాడు శివుడే. ఈ గుళ్ల ద్వారబంధాల అడుగున గంగ, యమున నిలబడతారు. గంగ కాళ్ల కింద మకరం, యమున కాళ్ల కింద తాబేలు. గుడికి వచ్చేవాడు తల ఎత్తి లింగాన్ని చూస్తూ పోతాడు, అడుగున ఉన్న నదులు కంటికి ఆనవు. ఒకసారి గడప ముందు చతికిలబడి చూడాలి. అరిగిపోయిన ఎర్ర రాతిలో గంగ నడుము వంపు, దాని కింద తొండం పైకి చుట్టి మూతి విప్పిన మకరం. ఆ చిన్న జాగాలోనే శిల్పి దంతాల వరుస, గుండ్రటి కన్ను, బలిసిన మెడ చెక్కాడు. గుడిలోకి అడుగు పెట్టేవాడు రెండు నదుల మధ్య నుంచి పోతాడన్నది అసలు ఊహ. అంటే గడప దాటడమే నదీ స్నానం. నిజంగా నది పక్కనే ఉన్న అలంపురంలో ఇది అందమైన అమరిక. నది ఆమడల దూరంలో ఉన్న ఊరి గుడిలో అయితే ఇది అవసరం.

మకరానికి రెండో పని గుడి బయట. గర్భగుడిలో అభిషేకం చేసిన నీళ్లు ఉత్తరం గోడలోని తూము గుండా బయటికి వస్తాయి. ఆ తూము కొసను మకర ముఖంగా చెక్కడం పాత అలవాటు. శివాలయంలో ప్రదక్షిణ చేసేవాళ్లు సోమసూత్రం దాటకుండా వెనక్కి తిరిగేది ఈ తూము దగ్గరే. లింగం మీద పోసిన నీరు మృగం నోటి నుంచి జారి భక్తుడి అరచేతిలో తీర్థమవుతుంది. లోపల దేవుడికి, బయట మనిషికి మధ్య నీటిని చేరవేసే బాధ్యత దానిదే. ఇప్పుడు చాలా పాత గుళ్లలో ఈ తూములు సున్నం పూతల కింద కూరుకుపోయాయి. కొన్నిచోట్ల సిమెంటు పూసి ప్లాస్టిక్ గొట్టం బిగించారు. గుడికి రంగులు వేయించాలనుకునే పెద్దలు ముందుగా ఆ మూతి చుట్టూ గట్టిపడ్డ సున్నాన్ని గీకించమని నా మనవి.

నల్లగొండ పక్కనే పానగల్లు. కందూరు చోడుల రాజధాని, ఉదయ సముద్రం అనే చెరువు ఉన్న ఊరు. చెరువుకు సముద్రమని పేరు పెట్టుకున్న జనం వాళ్లు. ఆ ఒక్క మాటలో మెట్ట సీమ మనసంతా ఉంది. పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం ఆ ఊరివే. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడను చూడడానికి ఛాయా సోమేశ్వరానికి దూరాల నుంచి జనం వస్తారు. కల్యాణి చాళుక్యులు, వారి తర్వాత కాకతీయులు, వారి సామంతులు కట్టిన గుళ్లలో అంతరాళ ద్వారం మీద ఒక వరస తరచూ కనిపిస్తుంది. నడుమ నటరాజు, ఇరువైపులా మకరాలు, వాటి తోకలు సుడులు తిరిగి లతలైపోవడం. చెరువులు తవ్వించడం, గుళ్లు కట్టించడం ఒకే పుణ్యంగా శాసనాల్లోకి ఎక్కిన కాలం అది. రేచర్ల వారి పిల్లలమర్రిలో కూడా చెరువూ గుడీ పక్కపక్కనే ఉన్నాయి. తోరణం మీది మకరాన్ని, కట్ట మీది తూమును ఒకే జనం, ఒకే తరంలో చేయించారు. ఈ రెంటినీ విడివిడిగా చదివే చరిత్ర పుస్తకాలతో నాకు పేచీ ఉంది.

గుడి మెట్టెక్కే వీలు లేని జనానికి మాత్రం మకరంతో పని పడలేదు. వానలు కురవకపోతే వాళ్లు కప్పను రోకలికి కట్టి, ఇంటింటికీ తిప్పి, నీళ్లు పోయించి కప్పతల్లి ఆట ఆడారు. రాతి మృగం ఒకవైపు, బతికున్న కప్ప మరోవైపు. కోరిక మాత్రం ఒకటే.

మకరం ఒంటరిది కాదు. తోరణం నడినెత్తిన గుడ్లు మిటకరించే కీర్తిముఖం ఉంటుంది. శివుడి ఆజ్ఞతో తన ఒంటిని తానే తిని ముఖం మాత్రం మిగిలినవాడు. స్తంభం మీద వ్యాళి ఉంటుంది. సింహం ఒళ్లు, కొన్నిసార్లు ఏనుగు తొండం, కొన్నిసార్లు కొమ్ములు. 1213 నాటి రామప్ప గుడిలో చూరు కింద మదనికలతో పాటు కొమ్ముల సింహాలు కూడా బారులు తీరాయి. ఈ సీమలోనే కొలనుపాక అనే జైన క్షేత్రం ఉంది కాబట్టి ఇంకో మాట చెప్పాలి. తొమ్మిదో తీర్థంకరుడు పుష్పదంతుడి లాంఛనం మకరమే. మతాలు మారినా మృగం ఇల్లు ఖాళీ చేయలేదు.

ఊహాజీవుల్లో అందరికన్నా ఉగ్రమైనది గండభేరుండం, రెండు తలల పక్షి. యాదగిరిగుట్టలో స్వామి యాదమహర్షికి జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాల్లో ప్రత్యక్షమయ్యాడని స్థలపురాణం. హిరణ్యకశిపుణ్ణి చంపిన తర్వాత కూడా నరసింహుడి కోపం దిగలేదు. దాన్ని అణచడానికి శివుడు శరభ రూపం ఎత్తాడని శైవులు చెప్పారు. ఆ శరభాన్ని మించి విష్ణువు గండభేరుండమయ్యాడని వైష్ణవులు బదులు చెప్పారు. వాదం పెరిగిన కొద్దీ జంతువు పెద్దదవుతూ వచ్చింది. విజయనగర అచ్యుతదేవరాయల నాణేల మీద ఈ పక్షి ముక్కులతో, గోళ్లతో ఏనుగులనే పట్టుకుని ఎగురుతుంది. మైసూరు ఒడయార్ల ద్వారా నేటి కర్ణాటక రాజముద్రలోకీ వచ్చింది. రాజులకు గండభేరుండం నచ్చడంలో వింత లేదు, అది బలం చూపించే మృగం. నాకు మాత్రం మకరమే గొప్పగా తోస్తుంది. అది ఎవరినీ గెలవదు, నీళ్లు మోస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో కథ తలకిందులైంది. నీరు కోరిన సీమకు నీరు వచ్చింది, గుళ్ల మీదికే వచ్చింది. నాగార్జునసాగర్ కింద విజయపురి లోయ మునిగింది, అక్కడి శిల్పాలను నాగార్జునకొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి. శ్రీశైలం జలాశయం పాలమూరు వైపు ఊళ్లకు ఊళ్లనే ముంచింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, అంకెలు వేసి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. సోమశిల, జటప్రోలు గుళ్లను కూడా ఎత్తైన చోటికి మార్చారు. అలంపురాన్ని కాపాడడానికి చుట్టూ కట్ట కట్టారు. 2009 అక్టోబరు వరదలో కర్నూలుతో పాటు అలంపురమూ మునిగింది. అన్ని వందల ఏళ్ల పాటు నీటిని పిలిచిన రాతి మృగాలు ఆ రోజుల్లో నిజంగానే నీటిలో నిలబడ్డాయి. ఊరు వదిలిన నిర్వాసితుల గోడు వేరే రాయాలి. గుడిని విప్పి మళ్లీ కట్టిన శ్రద్ధలో సగమైనా వాళ్ల ఇళ్ల విషయంలో చూపలేదన్న మాట ఇక్కడ అనకుండా ఉండలేను.

రాతిలో మునిగిన మృగం ఇత్తడిలో తేలింది. భువనగిరి దాటి వరంగల్ దారిలో పోతే పెంబర్తి. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క పరుపు మీద పరిచి, వెనక నుంచి ఉలితో కొడుతూ మకరాన్ని ముందుకు లేపుతారు. కొట్టిన కొద్దీ రేకు బిగుసుకుంటుంది, మళ్లీ కాల్చాలి. ముందు మూతి ఉబ్బుతుంది, తర్వాత కన్ను, చివరికి తిరగేసి తోకలోని ఒక్కొక్క తీగ గీత. మూలవిరాట్టు వెనక మెరిసే మకర తోరణాలు ఇలా తయారవుతాయి. 2010లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు కన్నా వాళ్లకు కావలసింది కొత్త గుళ్ల నుంచి నికరమైన పని.

పని వచ్చినప్పుడు ఏమవుతుందో యాదగిరిగుట్ట చూపించింది. 2016లో పునర్నిర్మాణం మొదలై 2022 మార్చి 28న తిరిగి తెరుచుకున్న గుడిలో, నల్లరాతి మండపాల్లో, వ్యాళి స్తంభాలు బారులు బారులుగా నిలిచాయి. ఇంత పెద్ద ఎత్తున రాతి మృగాలను చెక్కడం ఈ సీమ చూసి చాలా కాలమైంది. ఒక్కటే కొరత. కొత్త వ్యాళులన్నీ ఒకే కొలత, ఒకే పోలిక. అలంపురంలో ఒక గుడి మకరానికి ఇంకో గుడి మకరం సాక్షాత్తూ తోబుట్టువైనా కవల కాదు, ఒక్కోదాని మీద ఒక్కో చేయి తెలుస్తుంది. గడువు పెట్టి కట్టించిన గుడిలో ఆ తీరిక దొరకదు. అక్కడ పని చేసిన పడుచు శిల్పులకు చేయి ఉంది, పనిముట్టు ఉంది. వాళ్లను కొన్నాళ్లు అలంపురం, పానగల్లు గుళ్ల ముందు కూర్చోబెట్టి, ఆ పాత మృగాలను నిదానంగా గీయించే ఏర్పాటు దేవాదాయ శాఖ చేయగలదు. దానికి అయ్యే ఖర్చు ఒక గాలిగోపురం రంగుల ఖర్చు పాటి కూడా ఉండదు.