పానీయ శబ్దార్థ విచారము

పానీయ శబ్దము "పా" ధాతువునకు "అనీయ" ప్రత్యయము చేరుటచే నేర్పడినది. త్రాగఁదగినది యని దాని యవయవార్థము. ఈ యర్థమునే గ్రహించినచోఁ బాలును, మజ్జిగయు, పానకమును, మద్యమును గూడఁ బానీయములే కావలయును. కాని ప్రాచీనుల వ్యవహారము వేఱు. అమరసింహుఁడు దీనిని వారివర్గమున నీటి పర్యాయములలోఁ జేర్చెను. సుశ్రుతసంహితయందు సూత్రస్థానమున 45వ యధ్యాయము ద్రవద్రవ్యములను వివరించునది. అందు నీరు మొదలుకొని పాలు, పెరుగు, మజ్జిగ, నేయి, నూనె, తేనె, చెఱకురసము, మద్యములు, తుదకు మూత్రములును జెప్పఁబడినవి. వీనికెల్ల సామాన్యనామము ద్రవము; పానీయమను పేరు నీటిది. కావున నిది పంకజ శబ్దమువలె యోగరూఢము. ప్రాకృతమునుండి దిగి హిందీయందుఁ "పానీ" యనియు, మరాఠీయందుఁ "పాణీ" యనియు నిలిచిన రూపములకును నేఁటివఱకు నీరే యర్థము.

చిక్కంతయు సమాసములయందుఁ గలదు. అమరమునఁ బ్రపకుఁ బర్యాయము పానీయశాలిక. ప్రప యనఁగాఁ దెనుఁగునఁ జలిపందిరి, చలివేంద్రము. పానగోష్ఠి యననో మద్యము త్రాగువారి కూటమి. ధాతువొక్కటియే, ప్రత్యయభేదముచే నొకటి ధర్మకార్యమును, రెండవది వ్యసనమును దెలుపుచున్నది. విద్యార్థి పానీయశాలికను బానశాలగాఁ దలఁచెనా, వేసవిలో బాటసారుల దప్పిక తీర్చిన దాత మద్యవిక్రేత యగును! నిఘంటువును వల్లెవేయించుటతోఁ దృప్తిపడక యీ భేదమును విడిగా బోధింపవలయును.

అట్లని పాన శబ్దమునకు మద్యసంబంధము స్వాభావికము గాదు. దేశము చెప్పఁబడునప్పుడు సమాసమునఁ బాన శబ్దనకారమునకుఁ బాణిని ణత్వము విధించెను. అందులకుఁ గాశికయందు సురను ద్రాగు ప్రాచ్యులతోఁబాటు పాలు త్రాగు నుశీనరులు నుదాహరింపఁబడిరి. తెనుఁగునందును నింతియే. త్రాగునీరు నిర్దోషము, త్రాగుడు, త్రాగుబోతు అన్నంతనే కల్లుసారాయిలు స్ఫురించును. కర్మను జెప్పక క్రియను మాత్రమే చెప్పినచో లోకము నిందార్థమునే యూహించుట రెండు భాషలకును సమానము.

కాఫీ, సోడా మున్నగువానిని బానీయములనుట యాధునిక వ్యవహారము. ఇది వ్యాకరణవిరుద్ధము గాదు. రూఢి సడలి శబ్దము యవయవార్థమునకు మరలినది. ప్రాచీనకావ్యములకు మాత్ర మీ యర్థమును బట్టింపరాదు. టీకిఁ దెనుఁగున వాడు తేనీరను మాటయందు నీరు నీరుగానే నిలిచియున్నది.