నెల్లూరు తీరంలో గాలం ఉంది, కర్ర లేదు

1873లో చేపల మీద రెండు ఇంగ్లీషు పుస్తకాలు అచ్చయ్యాయి. ఒకటి మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ రాసిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’. ఏటి ఒడ్డున కర్ర పట్టుకుని మహసీరు కోసం నిలబడే దొరలకు అది చేతిపుస్తకం. రెండోది ఫ్రాన్సిస్ డే సమర్పించిన సముద్ర మత్స్య సంపద నివేదిక. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేరి, తర్వాత దేశానికంతటికీ మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన మనిషి ఈ డే. మొదటి పుస్తకంలో కర్ర, రీలు, దారం, ఎర. రెండోదానిలో వలలు, పడవలు, ఉప్పు పన్ను, ఎండుచేప. ఒకే ఏడాదిలో వచ్చిన ఈ రెండు లోకాలూ నెల్లూరు తీరంలో ఎక్కడా కలవలేదు. జిల్లా సరిహద్దులు 2022లో మారినా తీరం తీరమే. రామాయపట్నం, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం, తూపిలిపాలెం మీదుగా పులికాట్ ముఖం దాకా పట్టపువాళ్లు తరతరాలుగా సముద్రం మీద గాలం వేశారు. వాళ్ల చేతిలో తాడు ఉంది, సీసపు గుండు ఉంది, కొక్కెం ఉంది. కర్ర లేదు. ఎందుకు లేదని అడిగితే పేదరికం అనో, తెలియక అనో తేలిగ్గా చెప్పేస్తారు. ఆ రెండు జవాబులూ సాక్ష్యం ముందు నిలవవని నా వాదన. కర్ర లేకపోవడం ఈ తీరం ఆలోచించి చేసుకున్న ఎంపిక. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కర్ర చేసే పని ఏమిటో చూడాలి.

సొంతంగా గాలం కర్ర కట్టుకునేవాళ్లు రెండు ప్రశ్నల దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. ఏ బ్లాంక్ తీసుకోవాలి, దాని మీద గైడ్లు, అంటే దారం నడిచే ఉంగరాలు, ఎక్కడెక్కడ కట్టాలి అన్నవి ఆ ప్రశ్నలు. బ్లాంక్ అంటే పిడీ ఉంగరాలూ ఇంకా ఎక్కని ఉత్త కర్ర. కొసన మాత్రమే వంగేదయితే చిన్న బరువును దూరం విసురుతుంది, చేప తాకిన వెంటనే చేతికి తెలుస్తుంది. మొదలంటా వంగేదయితే చేప గుంజుడును మెల్లగా మింగుతుంది, సన్న దారం తెగకుండా కాపాడుతుంది. ఏ కర్రా అన్ని పక్కలకూ ఒకేలా వంగదు. మొదలును బల్ల మీద ఆనించి, కొసను ఒక చేత్తో పట్టుకుని, నడుమ ఒత్తుతూ దొర్లిస్తే అది తనంతట తాను ఒక పక్కకు తిరిగి అక్కడ ఆగుతుంది. చాలామంది ఆ పక్కను గుర్తుపెట్టుకుని, దాన్ని బట్టి ఉంగరాల వరస నిర్ణయిస్తారు. తర్వాత ఉంగరాలను తాత్కాలికంగా టేపుతో అంటించి, దారం ఎక్కించి, కొసకు బరువు వేలాడదీసి చూస్తారు. వంపుతో పాటు దారం కూడా ఒదిగి వంగిందా, రెండు ఉంగరాల మధ్య తీగలా బిగిసి అడ్డదారిన పోయిందా? అడ్డదారిన పోతే అక్కడ ఇంకో ఉంగరం కావాలి, లేదా ఉన్నదాన్ని జరపాలి. ఉంగరాలు తక్కువైతే భారమంతా ఒక్కచోట పడి కర్ర విరుగుతుంది. ఎక్కువైతే కొస బరువెక్కి కర్ర మందమవుతుంది. ఈ తూకం ఒక్కరోజులో వచ్చింది కాదు. మొదట దారాన్ని కర్ర కొసకే ముడివేసేవారు. 1651లో ఇంగ్లండులో థామస్ బార్కర్ అచ్చువేసిన చిన్న పుస్తకంలో దారం చుట్టుకునే చక్రం కనిపిస్తుంది. దారం కదిలే ఏర్పాటు వచ్చాకే దానికి దారి చూపే ఉంగరాలు అక్కరకొచ్చాయి. ఒడ్డున నిలబడ్డ మనిషి, తనకు అందని చోట ఉన్న చేప, ఆ ఇద్దరి మధ్య దూరం: కర్ర పుట్టింది ఈ మూడింటి నుంచి.

ఇక పేదరికం మాట. కర్రకు కావలసిన సరుకు తెలుగు నేలకు కొత్తది కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈస్టన్ పట్టణంలో తుపాకులు, వయొలిన్లు చేసే శామ్యూల్ ఫిలిప్ 1840లలో వెదురును బద్దలుగా చీల్చి, జిగురుతో అతికించి కర్రలు చేశాడు. 1870ల నాటికి హైరమ్ లెనర్డ్ ఆరు బద్దల కర్రను వ్యాపారంగా నిలబెట్టాడు. ఆ తొలితరం కర్రలకు వాడింది కలకత్తా రేవు నుంచి ఎగుమతైన వెదురే. కలకత్తా కేన్ అన్న పేరు అలా నిలిచింది. వృక్షశాస్త్రం ప్రకారం అది మన సాధనపు వెదురు జాతి. నల్లమలలో మేదరివాళ్లు కొట్టుకొచ్చేదీ, లోపల దాదాపు గట్టిగా నిండి ఉండేదీ అదే. తర్వాత దక్షిణ చైనా నుంచి టాంకిన్ వెదురు వచ్చి దాని స్థానం తీసుకుంది. 1950లో చైనా సరుకు మీద అమెరికా ఆంక్షలు పెట్టేసరికి, అప్పటికే బజారులోకొచ్చిన ఫైబర్‌గ్లాస్ కర్రలకు దారి సులువైంది. 1973 నుంచి కార్బన్ ఫైబర్ వచ్చింది. అంటే ప్రపంచంలో పేరుమోసిన కర్రలకు మొదటి సరుకు మన అడవుల్లో పెరిగే జాతే. నెల్లూరు తీరం వెదురు ఎరగనిది కాదు, తెరచాప వాసానికి అది వాడుకుంది. ఊరి చెరువు గట్టున, బకింగ్‌హామ్ కాలువ ఒడ్డున పిల్లలు కూడా వెదురు కర్రకు దారం కట్టి, జీలుగు బెండు వేసి, వానపామును గుచ్చి జెల్లలు పట్టారు. కర్రకు అయ్యే ఖర్చు వలకు అయ్యే ఖర్చులో ఏ పాటిది? వల కొనగలిగినవాడు కర్ర కొనలేకపోయాడంటే నమ్మడం కష్టం.

తెలియక అన్న మాటా అంతే. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’ కూర్చాడు. అందులో రాజులకు తగిన వినోదాల వరసలో మత్స్యవినోదం ఒకటి. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, దేనికి ఏ ఎర కలపాలి, గాలంతో ఎలా పట్టాలి అన్నది అక్కడ చెప్పాడు. జీవశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఆ అధ్యాయం మీద పరిశోధన వ్యాసమే రాశాడు. దక్కనులో గాలం వేట ఒక విద్యగా గ్రంథానికెక్కి తొమ్మిది వందల ఏళ్లు కావస్తోంది. అయితే అది తీరిక ఉన్నవాడి విద్య. సముద్రం దగ్గర లెక్క మారిపోతుంది.

నెల్లూరు తీరానికి సహజమైన రేవులు చాలా తక్కువ. ఏరు కలిసే చోట్లు తప్పిస్తే మిగతాదంతా తెరిచిన ఇసుక ఒడ్డు, దాని ముందు వరసగా విరిగిపడే అలలు. ఆ అలలను దాటడానికి పుట్టింది తెప్ప. దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తే అదే తెప్ప. అంచులు లేవు, లోపల అనేది లేదు. అల పైనుంచి పోతుంది, దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. అందుకే అది మునగదు. దాని మీద మనిషి మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేస్తాడు, నడుము దాకా తడుస్తాడు. అల దాటేటప్పుడు రెండు చేతులూ తెడ్డుకే కావాలి. కట్టివేయని వస్తువేదైనా సముద్రం పాలు. చుట్టగా చుట్టి బుట్టలో పెట్టి దుంగకు కట్టేయగల తాడు అక్కడ బతుకుతుంది. ఎనిమిదడుగుల కర్రకు చోటేది? ఒకవేళ చోటు చేసినా, అది వేటగాడికి లాభం చేయదు. కర్ర ఒక మీట. దాని మొదలును నడుముకు ఆనించి, 2 అడుగుల పైన చెయ్యి వేసి పట్టుకున్నామనుకుందాం. 8 అడుగుల కొసన చేప 5 కిలోల బలంతో అడ్డంగా లాగితే ఆ చేతి మీద పడే భారం 20 కిలోలు. కర్ర వంగినకొద్దీ దూరం తగ్గి భారం కొంత తగ్గుతుంది. బ్లాంక్ ఎంపికకు అంత విలువ అందుకే. అయినా మీట మాత్రం చేపకే సాయం చేస్తుంది. చేతితాడులో 5 కిలోలకు 5 కిలోలే. వినోదం కోసం వేటాడేవాడికి చేపతో గంటసేపు పెనుగులాట కావాలి. పది గాలాలు చూసుకుని, ఎండ ఎక్కకముందే ఒడ్డుకు చేరి, చేపను బేరానికి పెట్టాల్సినవాడికి ఆ గంట నష్టం.

మరి పెద్ద చేప ఒక్కసారిగా గుంజితే తాడు తెగదా? కర్ర చేసే ఆ మెత్తదనపు పని తెప్ప మీద ఇంకోచోట జరుగుతుంది. నీళ్లలో బారల కొద్దీ దిగిన తాడు కొంత సాగుతుంది. దాన్ని వేలి మీదుగా వదులుతూ, బిగిస్తూ చెయ్యి కొంత ఓర్చుకుంటుంది. తేలికైన తెప్ప తానే చేప వెంట కొంత జరుగుతుంది. పెద్ద పడవ నిలబడి ఎదురు లాగుతుంది. తెప్ప అలా కాదు, సొర గానీ వంజరం గానీ పరుగు తీస్తే దానితో పాటు ముక్కు తిప్పుకుంటుంది. రీలు, ఉంగరాలు, వంగే కొస: మూడు చోట్ల ఉన్న పనిని ఒక మనిషి వేళ్లూ, ఆయన కింది దుంగలూ పంచుకున్నాయి.

కాబట్టి ఈ తీరపు చేతిపనిలో అసలైన ఎంపిక వెతకాలంటే ఆ దుంగల దగ్గర వెతకాలి. మద్రాసు మత్స్యశాఖ డైరెక్టరుగా ఉన్న జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల నిర్మాణం మీద రాసిన గ్రంథంలో కోరమాండల్ తెప్పలను పడవలతో సమానంగా శ్రద్ధగా వర్ణించాడు. తెప్పకు గట్టి కలప పనికిరాదు, తేలికైన మెత్తని మాను కావాలి. అలాంటి మాను చాలావరకు కేరళ అడవుల నుంచి వచ్చేది. మెత్తని మాను నీళ్లు పీలుస్తుంది. అందుకే ఒడ్డుకు రాగానే తాళ్లు విప్పి, దుంగలను విడదీసి, ఇసుక మీద ఎండబెడతారు. నడిమి దుంగ కాస్త కిందికి, పక్క దుంగలు కాస్త పైకి ఉండేట్టు పేరుస్తారు. ముందు వైపు సన్నబడి ముక్కు పైకి లేస్తుంది, వెనుక వెడల్పుగా ఉంటుంది. ఏ దుంగ నడుమ పడాలి, ఏ రెండు జోడీగా పక్కల నిలవాలి, కట్లు ఎంత దూరంలో పడాలి, ఎంత బిగించాలి: ఇవన్నీ తెప్ప దుంగలు తెచ్చుకున్న ప్రతివాడూ తేల్చుకోవాల్సినవే. మరీ బిగిస్తే అల దెబ్బకు తాడు తెగుతుంది, మరీ వదులైతే దుంగలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. బ్లాంకును దొర్లించి చూసే మనిషీ, ఉంగరాల దూరాన్ని బరువు వేలాడదీసి సరిచూసే మనిషీ చేసే ఆలోచన ఇదే. నెల్లూరు దాన్ని కర్ర మీద ఖర్చు పెట్టలేదు, కాళ్ల కింద పెట్టింది.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం లక్షదీవుల నుంచి వస్తుంది. మినికాయ్‌లో, దాని పక్కనే ఉన్న మాల్దీవుల్లో, సముద్రం మీద బతుకుతెరువు కోసం వేటాడేవాళ్లే తరతరాలుగా వెదురు కర్రలతో సూరచేపలు పడుతున్నారు. సముద్రానికీ వృత్తికీ కర్ర పనికిరాదన్న మాట అక్కడ వీగిపోతుంది కదా? అంత విశాలంగా నేను అనడం లేదు. అక్కడి పద్ధతి చూస్తే నా మాటకే బలం వస్తుంది. ఆ కర్రకు రీలు లేదు, ఉంగరాలు లేవు, కొక్కేనికి ముల్లు లేదు. ప్రాణమున్న చిన్నచేపలను నీళ్లలో చల్లి, సూరల గుంపును పడవ పక్కకే రప్పించి, కర్రతో ఒక్క ఊపులో వెనక్కి విసిరి పడవలో వేస్తారు. చేప ఎగిరిపడేటప్పుడే కొక్కెం ఊడిపోతుంది. దానికి మూడు కావాలి: పగడపు దిబ్బల మధ్య తేట నీటి మడుగులో దొరికే ప్రాణపు ఎర, ఆ ఎరను బతికుంచే పడవ గర్భం, మనుషులు వరసగా నిలబడగల పడవ వెనుక భాగం. పెన్నా మట్టి కలిసే నెల్లూరు నీళ్లలో ఆ మడుగులు లేవు, తెప్పకు గర్భం లేదు, దాని మీద నిలువుగా నిలబడి బలంగా ఊపడానికి ఆధారం లేదు. మినికాయ్ తన సముద్రాన్ని బట్టి కర్ర పట్టింది, నెల్లూరు తన సముద్రాన్ని బట్టి వదిలేసింది.

ఒడ్డు నుంచి విసరవచ్చు కదా అన్నది రెండో ప్రశ్న. అలల మీదుగా విసరడానికి పన్నెండు, పద్నాలుగు అడుగుల కర్రలు ఇప్పుడు ఉన్నాయి. అలాంటి విసురుకు సన్నగా, నునుపుగా, నీళ్లు పీల్చని దారం కావాలి. నూలు, జనప తాళ్ల కాలంలో అది లేదు. నైలాన్ మన మత్స్యకారుల చేతికి రావడం 1950ల చివర, 1960లలో మొదలైంది. అప్పటికి ఒడ్డు వేటను అలివి వల ఎప్పుడో తీసుకుంది. ఊరు ఊరంతా రెండు కొసలా నిలబడి లాగితే వచ్చే కవళ్లతో ఒక కర్ర పోటీ పడలేదు.

ఆ తర్వాత తెప్పే వెనక్కి తగ్గింది. మెత్తని మాను ప్రియమైంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మొదలుపెట్టిన బంగాళాఖాతం కార్యక్రమం తూర్పుతీరంలో అలల మీదుగా ఒడ్డుకు చేరే మోటారు పడవలను ప్రయోగించింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత వచ్చిన ఫైబర్ బోట్లు ఊళ్లకు ఊళ్లను నింపాయి. ఇప్పుడు అంచు ఉంది, నిలబడే చోటు ఉంది, మోటారు ఉంది కాబట్టి చేతులు ఖాళీగా ఉన్నాయి. కర్రను కాదన్న కారణాలు ఒక్కొక్కటే తొలిగిపోయాయి. కృష్ణపట్నం ఏటి ముఖంలో పండుగప్ప కోసమో, ఇసుక ఒడ్డు నుంచి మాగ కోసమో ఎవరైనా కర్ర కట్టుకోదలిస్తే వాళ్లను ఆపే చరిత్ర ఏదీ లేదు. కొనే బ్లాంక్ జపాన్‌దో చైనాదో అయినా, దాని పొడవు నిర్ణయించాల్సింది మన అలల వరస, దాని వంపు నిర్ణయించాల్సింది మన చేప.

ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం మన దగ్గరే ఉంది, కాగితం మీద మాత్రం లేదు. ఏ నెలలో ఏ చేపకు ఎన్ని బారల తాడు దింపేవారు, ఏ సైజు కొక్కెం, ఎంత సీసం, ఏ ఎర, తెప్పకు ఏ దుంగ ఎక్కడ వేసేవారు అన్నది తెప్ప మీద వేటాడిన పెద్దల నోట మిగిలి ఉంది. వాళ్ల తర్వాతి తరం ఫైబర్ బోటు మీదే పెరిగింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మోటారు పడవలన్నీ ఒడ్డున ఉంటాయి, మనుషులు తీరిగ్గా దొరుకుతారు. నెల్లూరు కాలేజీల చరిత్ర, జంతుశాస్త్ర విభాగాల విద్యార్థులు ఆ 61 రోజుల్లో కొన్నింటిని మైపాడుకో, తుమ్మలపెంటకో, జువ్వలదిన్నెకో కేటాయించి, ఆ కొలతలు కొలతలుగానే రాసుకు రావాలి. ఈ ఏడాదే ఆ పని మొదలుపెట్టమని కోరుతున్నాను.