ప్రూఫు కాగితం నుంచి నిలువు తెర దాకా

ప్రచురణకు ముందు పాఠాన్ని దిద్దుకునే అలవాటు కృష్ణా డెల్టాలో అచ్చుయంత్రంతో పాటే స్థిరపడింది. 1902లో మచిలీపట్నంలో మొదలై ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో ఖ్యాతి పొందిన ‘కృష్ణాపత్రిక’ నాటికీ, విజయవాడలో 1952లో ‘విశాలాంధ్ర’, 1960లో ‘ఆంధ్రజ్యోతి’ దినపత్రికలు వెలువడిన నాటికీ సీసపు అక్షరాలు పేర్చే పద్ధతే వాడుకలో ఉంది. కంపోజిటరు తిరగబడి ఉన్న అక్షరాలను చూస్తూ పేర్చవలసి రావడం, తెలుగు ఒత్తులకు విడి దిమ్మలు అవసరం కావడం వల్ల పొరపాట్లకు అవకాశం ఎక్కువ. అందువల్ల పేర్చిన వరుసలకు సిరా పూసి పొడవాటి కాగితం మీద తీసిన నమూనాను, అంటే గేలీ ప్రూఫును, ఒకరు రాతప్రతిని పైకి చదువుతుండగా మరొకరు అంచుల్లో గుర్తులు పెడుతూ దిద్దేవారు. పేజీ కట్టాక మళ్లీ ప్రూఫు తీసి, దాని మీద ప్రింట్ ఆర్డరు సంతకం పడితేనే పేజీలు బిగించిన చట్రం, అంటే ఫారం, యంత్రమెక్కేది. ఈ ఏర్పాటులో అసలు బలం రెండో మనిషే, ఎందుకంటే రాసినవారి కన్ను లేని అక్షరాన్ని కూడా ఉన్నట్టే చదువుకుపోతుంది.

డీటీపీ, అంటే కంప్యూటరు మీదే పేజీ కూర్చే విధానం, వచ్చాక సీసం పోయింది గాని ఒత్తుల బాధ పోలేదు. అచ్చు నుంచి వీడియోకు వచ్చినా అంతే: తెలుగు లిపిని సరిగా కూర్చలేని వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘కృష్ణా’ అని రాస్తే, ష కింద ఉండవలసిన ణ ఒత్తు కిందికి దిగక పూర్తి అక్షరంగా పక్కనే నిలుస్తుంది.

2020 జూన్ చివర భారత్‌లో చిన్న వీడియోల యాప్ టిక్‌టాక్‌పై నిషేధం పడగా, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ దేశంలో మొదలై, 9:16 నిష్పత్తి గల నిలువు చట్రాన్ని వార్తకూ వ్యాపారానికీ అలవాటు చేశాయి. కంప్యూటరు మీద నిండుగా కనిపించిన ఆ చట్రంలో, ఫోనుకు వచ్చేసరికి, కింది భాగాన్ని ఖాతా పేరూ వివరణా, కుడి అంచును లైకు, షేరు బొత్తాలూ కప్పేస్తాయి కనుక, వీడియోను ఫోనులోనే చూసి సరిచూడడం గేలీ ప్రూఫు తీయడం వంటిదే. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. అటువంటి వేళ ఆ అంకె బొత్తాల కింద పడినా, పాత వరద దృశ్యానికి కొత్త తేదీ తగిలించినా నది మధ్యనున్న లంక గ్రామాల వారికి జరిగే హాని అచ్చుతప్పుతో పోల్చదగింది కాదు.

పుస్తకానికైతే చివర తప్పొప్పుల పట్టిక అతికించేవారు, పత్రికైతే మర్నాడు సవరణ వేసేది. షార్ట్స్‌లో పెట్టిన వీడియోను అదే లంకెలో మార్చి పెట్టే వీలు లేదు. తొలగించి కొత్తగా ఎక్కించవలసిందే, అప్పటికే చూసి వెళ్లినవారికి ఆ సవరణ చేరే దారి లేదు.