గుమ్మిడిపూండి సీమలో క్షేత్రపరిశీలనాంకముల చరిత్ర

చరిత్రకారునకు శాసనమెట్టిదో శాస్త్రజ్ఞునకు కొలత యట్టిది. శాసనము దొరకిన తావు, దాని కాలము, లిపి తెలియనిచో ప్రామాణ్యము సన్నగిల్లును. అట్లే ఎచ్చట, ఏ వేళ, ఏ యంత్రముతో కొలిచిరో తెలియని అంకె పరిశోధనకు పనికిరాదు. సెన్సరులను గ్రాహకయంత్రములు పొలములలో నేలతేమను, ఉష్ణమును, వర్షమును ఎడతెగక నమోదు చేయుచున్న యీ దినములలో, ఒకరు సేకరించిన అంకెలను వేరొకరు వెదకి కనుగొని మరల వాడుకొనుటెట్లు అను ప్రశ్న బయలుదేరినది. ప్రశ్న క్రొత్తదిగా తోచును గాని, గుమ్మిడిపూండి పరిసరముల చరిత్ర దానికి కొన్ని పాఠములను మునుపే నేర్పియున్నది.

గుమ్మిడిపూండికి దక్షిణముననున్న మద్రాసులో, నుంగంబాకమున, 1792లో ఈస్టిండియా కంపెనీవారి వేధశాల వెలసెను. అందలి రాతిస్తంభముపై లాటిను, తమిళములతోపాటు తెలుగులోను లేఖనము కలదు. అచ్చట 1796 నుండి వాతావరణపు కొలతలను పట్టికలలో వ్రాసి యుంచిరి. రెండు శతాబ్దముల పిమ్మట, 2002లో, ఆర్. జె. ఆలన్ ప్రభృతులు పాత పట్టికల సాయముననే మద్రాసు వాయుపీడన చరిత్రను పునర్నిర్మించి ప్రకటించిరి. ఆనాడు కొలిచినవారు ఇట్టి ప్రయోజనమును ఊహించియుండరు. పాదరసయంత్రపు అంకెను సరిదిద్దవలెనన్న కొలిచిన వేళయు, యంత్రమునొద్ద వేడిమియు తెలియవలెను. కావున అంకెతోపాటు దాని వివరములును నిలిచిననే అది తరువాతి తరములకు అక్కరకు వచ్చును.

మన సీమలో కొలతలకు కలిగిన పెద్ద చిక్కు ఎల్లల మార్పు. చెన్నరాజధానిలో తాలూకా కచేరీలయందు వర్షమాపకములనుంచి, వానలెక్కలను జిల్లాలవారీగా కూర్చుచుండిరి. తిరుత్తణి 1911 వరకు ఉత్తరార్కాటు జిల్లాలోను, పిమ్మట చిత్తూరు జిల్లాలోను ఉండెను. పటాస్కర్ సూచనలననుసరించి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలో చేరెను. 1997 నుండి తిరువళ్లూరు జిల్లాలోనున్నది. ఆ 1960లోనే చెంగల్పట్టు జిల్లానుండి చిత్తూరునకు వచ్చిన సత్యవేడు ప్రాంతము 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. తిరుత్తణి కొండ కదలలేదు. జిల్లా మాత్రము మూడుమారులు మారినది. నూరేండ్ల వానలెక్కను కోరు పరిశోధకుడు నాలుగు జిల్లాల పేర్లతో, రెండు రాష్ట్రముల కవిలెలలో వెదకవలసినదే. కావున అంకెను జిల్లాపేరుతోగాక అక్షాంశ రేఖాంశములతో గుర్తించుట శ్రేయము; పాతపేర్లనుగూడ దానిచెంత వ్రాయవలెను.

కాలమానమును, కొలమానమును ఇట్టివే. పూర్వము వానను అంగుళములలో కొలిచిరి. నేడు మిల్లీమీటర్లలో కొలుచుచున్నారు. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు. భారత వాతావరణశాఖవారు ఉదయము 8.30 గంటలకు ముగియు 24 గంటల వానను ఆనాటి లెక్కగా వ్రాయుదురు. కార్తీకపు తుపాను రాత్రి కురిసిన వాన మరునాటి తేదీన చేరును. పొలములోని యంత్రము అర్ధరాత్రినుండి అర్ధరాత్రివరకు లెక్కించినచో, రెండు లెక్కలును సత్యములయ్యు పరస్పరము పొసగవు.

ఇది పండితుల కాలక్షేపము కాదు. పిచ్చాటూరు మీదుగా వచ్చు ఆరణియేరు పొన్నేరిని దాటి పులికాటు సరస్సులో కలియును. ఏరు ఒక్కటే, లెక్కలు రెండు రాష్ట్రములవి. ఎగువ వానయు దిగువ ప్రవాహమును ఒక్కచోట చూడనిదే వరదను ముందుగా ఎరుగుట దుర్లభము. పొన్నేరి, మీంజూరు ప్రాంతములలో ఉప్పునీరు భూగర్భజలములలోనికి చొచ్చుకొని వచ్చినది. అది ఎంతదూరము వచ్చినదో తేల్చుటకు వెనుకటి బావుల లోతులు, లవణాంశములు కావలెను. గడచిన సంవత్సరపు నీటిని మరల కొలువలేము గదా!

2016లో ప్రకటితమైన ‘ఫెయిర్’ సూత్రములు దత్తాంశములకు నాలుగు లక్షణములను విధించినవి: వెదకిన దొరకుట, అందుబాటులోనుండుట, ఇతర దత్తాంశములతో పొసగుట, పునర్వినియోగమునకు తగియుండుట. పొలమున యంత్రమును నాటు పరిశోధకుడు దాని తావును, లోతును, నేల స్వభావమును, యంత్రమును సరిచూచిన తేదీని, కొలమానమును, లోపించిన దినములను అంకెలతోపాటే భద్రపరుపవలెను. అంకెలను ఎవరు ఏ షరతుపై వాడుకొనవచ్చునో తెలుపవలెను. స్థిరమైన గుర్తుసంఖ్యతో బహిరంగ భాండాగారమున నుంచవలెను.

ఎల్లకు ఇరువైపుల రెండు భాషలను ఎరిగిన తెలుగువారికి ఇందొక ప్రత్యేక కర్తవ్యము కలదు. తిరుత్తణి, సత్యవేడు, పొన్నేరి, గుమ్మిడిపూండి ప్రాంతముల పాత వానలెక్కలకు, బావిలెక్కలకు ఊరిపేర్ల మార్పులతో కూడిన ఉమ్మడి సూచికను సిద్ధపరచుట మన విద్యావంతులకు సాధ్యమైన పని. పాత కాగితములు శిథిలము కాకమునుపే దానికి పూనుకొనుట యుక్తము.