శ్రమ, వ్యాయామం: గండికోట సీమ స్త్రీల ఆరోగ్య చరిత్రకు ఒక ప్రవేశిక

ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నా ప్రవహించే గండి అంచున, జమ్మలమడుగుకు సమీపంలో ఉన్న గండికోట విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ప్రసిద్ధికెక్కింది. ఈ కోటను గురించిన రచనల్లో యుద్ధానికి, శిల్పానికి, వంశచరిత్రకు దక్కిన చోటు ఆ సీమ స్త్రీల దేహబలానికీ ఆరోగ్యానికీ దక్కలేదు. ఆ దిశగా కొన్ని ఆధారాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా నిర్వచనం. దేహానికి స్థైర్యాన్ని, బలాన్ని ఇచ్చే చేష్టను తగిన మాత్రలో ఆచరించడమే వ్యాయామమని చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం చెబుతుంది. బరువులు మోసి కృశించినవారికి, ఆకలిదప్పులతో ఉన్నవారికి అది తగదని కూడా అక్కడే హెచ్చరిస్తుంది. ఒళ్లు అలిసే ప్రతి పనీ వ్యాయామం కాదన్నమాట. తగిన మాత్ర, తగిన తిండి ఉన్నప్పుడే చేష్ట బలంగా మారుతుంది.

ఈ రెండూ సమకూరిన స్త్రీలు విజయనగర రాజధానిలో కనిపిస్తారు. సుమారు 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ అంతఃపుర స్త్రీలకు నాట్యం నేర్పే శాలను వర్ణించాడు. ఒళ్లు సాగదీసి కాళ్లను వదులు చేసుకోవడానికి వారు చేతులతో పట్టుకొనే ఏర్పాటు అందులో ఉండేదని రాశాడు. సుమారు 1535 నాటి నూనిజ్ రచన కుస్తీ పట్టే స్త్రీలను, కత్తిడాలు పట్టే స్త్రీలను పేర్కొన్నది. ఇవి రాజధాని విశేషాలు. సామంతుల కోటలకు వీటిని నేరుగా అన్వయించలేం. అయినా స్త్రీల సాధనకు చోటు, శిక్షణ, పోషణ కల్పించవచ్చునన్న ఎరుక ఆనాడే ఉందనడానికి ఇవి సాక్ష్యం.

కోట వెలుపల అటువంటి సాధన దొమ్మరాటలో నిలిచింది. గడ ఎక్కి విన్యాసాలు చేసే స్త్రీకి తెలుగులో ‘గడసాని’ అనే ప్రత్యేక పదమే ఉంది. ఆమె నేర్పును ఊరు మెచ్చింది గాని, ఆమెకు గౌరవమివ్వలేదు. తక్కిన ఇళ్ల ఆడపిల్లలకు ఆ విద్య ఆదర్శం కాకపోవడానికి ఇదొక కారణమని భావించవచ్చు.

మిగిలిన స్త్రీలకు దక్కింది శ్రమ. జొన్న, కొర్ర పండే ఈ మెట్టసీమలో విసరడం, దంచడం, నీళ్లు మోయడం వారి పనులు. గండికోటలో పెద్ద ధాన్యాగారం నేటికీ నిలిచి ఉంది. రోకలి పట్టినవారి పేర్లు నిలువలేదు. వారి జాడ తిరుగటి పాటల్లో, దంపుళ్ల పాటల్లో మిగిలింది. జానపద గేయ పరిశోధనలో వీటిని శ్రామిక గేయాలుగా వర్గీకరించారు. పాటలోని లయను శ్రమకు ఉపశమనంగా వివరించే మనం, ఆ శ్రమ దేహాన్ని ఏం చేసిందని అడగడం అరుదు.

ఈ ప్రశ్న నేటి ఆరోగ్య పరిశోధనకూ అవసరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ శారీరక చురుకుదన ప్రశ్నావళి పనిని, ఆటను వేర్వేరుగా అడుగుతుంది. కాని లెక్క కట్టేటప్పుడు ఒకే తీవ్రత గల కూలిపనికీ ఆటకూ ఒకే విలువ ఇస్తుంది. చరకుడు పాటించిన భేదం ఆ మొత్తంలో కరిగిపోతుంది. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. బరువులు మోసే రక్తహీన స్త్రీ ఆ లెక్కలో ‘చురుకైన’ స్త్రీగానే నమోదు కావచ్చు.

కాబట్టి రాయలసీమ స్త్రీల ఆరోగ్యాన్ని అధ్యయనం చేసేవారు ఎంత కదిలారన్నదానితో పాటు ఏం తిని కదిలారు, ఎవరి కోసం కదిలారు, ఎప్పుడు ఆగగలిగారు అన్నవీ అడగాలి. ఆ ప్రశ్నలకు శ్రామిక గేయాలు సాహిత్య ఆధారాలే కాక, ఆరోగ్య చరిత్రకు ఆకరాలు కూడా కాగలవు.